‘వఱకు’ అనే మాట మీద నా ఫిర్యాదు

వాక్యంలో కర్త ఎవరో తేలనిదే అర్థం తేలదని ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు నూరిపోసినవాణ్ణి. అటువంటి నాకు ఈ మధ్య ఏ ఇంటికి వెళ్ళినా వినబడుతున్న ఒక వాక్యం చెవిలో ముల్లులా గుచ్చుకుంటున్నది. “నెట్టు స్లోగా ఉంది.” వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. తప్పల్లా ఇది ఎవరినీ వేలెత్తి చూపకపోవడమే. ‘ఎండ ఎక్కువగా ఉంది’, ‘రోజులు బాగాలేవు’ అన్న ధోరణిలో, దైవికమైన ఉపద్రవాన్ని గురించి చెప్పినట్లు చెబుతాము. ఎండకు బాధ్యుడు లేడు. నెట్టుకు ఉన్నాడు. నెలనెలా మన దగ్గర డబ్బు పుచ్చుకుంటున్నాడు కూడాను.

నా వాదం రెండు ముక్కలు. ఆ వాక్యాన్ని విడగొట్టి తప్పు ఎక్కడున్నదో తేల్చడం ఇంజనీర్లకే కాదు, నాబోటి తెలుగు పండితుడికి కూడా సాధ్యమే, ఇది మొదటిది. అది తేలకుండా ఉండడం వల్ల లాభపడేవారున్నారు, వారికి కొమ్ము కాస్తున్నది మన భాషలోని ఒక చిన్న మాట, ఇది రెండవది. ముందు మొదటి ముక్క.

మాది కృష్ణా పశ్చిమ డెల్టా. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయిన నాటినుంచీ ఇక్కడి రైతుకు కాలువ భాష వెన్నతో పెట్టిన విద్య. చేను ఎండుతున్నదంటే రైతు ఇంట్లో కూర్చుని ‘నీళ్ళు స్లోగా ఉన్నాయి’ అనడు. పార భుజాన వేసుకుని తూము దగ్గరికి నడుస్తాడు. తూము దగ్గరే నీరు లేకపోతే తప్పు పైన ఉన్నది. తూము దగ్గర నిండుగా ఉండి చేనికి రాకపోతే బోదె పూడిపోయింది. రెండూ బాగుండి కూడా చేను ఎండితే, నీరు మరొక వైపు ఎటో పోతున్నది. మూడే ప్రశ్నలు, మూడే సమాధానాలు. మన ఇంట్లో గోడకు వేలాడుతున్న రౌటరు పెట్టె ఆ తూము. దానికి పైనుంచి వచ్చే తీగ కాలువ. ఆ పెట్టె నుంచి మన చేతిలోని ఫోను దాకా గాలిలో సాగే వైఫై బోదె. వైఫై, ఇంటర్నెట్టు ఒకటే అనుకోవడం కాలువనూ బోదెనూ ఒకటే అనుకోవడం వంటిది. సగం అనర్థాలకు మూలం అక్కడే ఉన్నది.

(ఈ పెట్టెకు నేను మొదట ‘నిస్తంత్రీ మార్గదర్శిని’ అని పేరు పెట్టాను. మా వీధి ఎలక్ట్రీషియను విని, “ఏ గుళ్ళో దేవతండీ మాస్టారూ?” అన్నాడు. అప్పటినుంచి రౌటరనే అంటున్నాను.)

ఈ మూడు రకాల తప్పులనూ గత రెండేళ్ళలో మూడు ఊళ్ళలో, మా వాళ్ళ మూడు ఇళ్ళలో చూశాను. మూడు చోట్లా ఫిర్యాదు ఒకటే. మూడు చోట్లా కంపెనీవారి సలహా కూడా ఒకటే: “పెద్ద ప్లానుకు మారండి.” కంపెనీలు మూడూ వేరు. పేర్లతో నాకు పని లేదు.

మొదటిది తెనాలిలో మా సొంత ఇల్లు. నూరు మెగాబిట్ల ప్లాను. ముందు గదిలో అన్నీ బాగానే వస్తాయి. నేను చదువుకునే వెనుక వసారా గదిలో మాత్రం ఒక పుట తెరుచుకునే లోపల కాఫీ చల్లారుతుంది. కబురు పెడితే ఒక కుర్రవాడు వచ్చి, రెండు వందల మెగాబిట్ల ప్లాను పెట్టుకోమన్నాడు. నేను ఒప్పుకోలేదు. పొరుగింటి అబ్బాయి ల్యాప్‌టాపు తెచ్చి, రౌటరుకు నేరుగా తీగతో కలిపి, మిగతా ఫోనులన్నీ ఆపించి వేగం కొలిచాను. తొంభై నాలుగు వచ్చింది. నూరు మెగాబిట్ల తీగలో ఆ మాత్రం వస్తే నిండుగా వచ్చినట్లే. అదే ల్యాప్‌టాపును వెనుక గదిలో వైఫై మీద కొలిస్తే ఆరు! తూము నిండుగా ఉన్నది, చేను ఎండుతున్నది. ఇటువంటప్పుడు కాలువకు మరి కొంత నీరు వదిలితే ఏమి ప్రయోజనం?

బోదె ఎందుకు పూడిందో కాస్త చూస్తేనే తెలిసింది. తీగ వీధి కిటికీలోంచి లోపలికి వస్తుంది గనుక, పెట్టెను ఆ కిటికీ పక్కనే, టీవీ వెనుక, ఇనుప బీరువాను ఆనించి పెట్టి పోయారు. వారికి తీగ మిగిలింది. రేడియో తరంగాలకు ఇనుము అడ్డుగోడ. నీటి తొట్టె, అద్దం, కాంక్రీటులోని ఇనుప చువ్వలు, మా ఇంటివంటి పాత ఇళ్ళలోని మూరెడు మందం గోడలు, అన్నీ వాటిని మింగేవో తిప్పికొట్టేవో. పైగా రౌటరులో రెండు పట్టీలుంటాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగమైనదే గాని గోడ దాటడానికి మొరాయిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలు దాటుతుంది గాని అక్కడ తిరునాళ్ళ రద్దీ. మన దేశంలో ఆ పట్టీని 2005లో లైసెన్సు లేకుండా అందరూ వాడుకునేలా వదిలారు. ఇరుగుపొరుగు రౌటర్లు, బ్లూటూతు పరికరాలు, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి, అన్నీ అక్కడే. ఆ పట్టీ మీద పదమూడు చానళ్ళని గీతలు గీసి పెట్టారు గాని, అరుగు మీద పదమూడు గీతలు గీసినంత మాత్రాన పదముగ్గురు కూర్చోలేరు గదా. ఒకరినొకరు రాసుకోకుండా కూర్చోదగినవి 1, 6, 11 అనే మూడే. మా వీధిలో ఉచితంగా దొరికే ఒక ఆప్‌తో చూస్తే పదకొండు రౌటర్లు కనబడ్డాయి. మాదీ, ఎదురింటివారిదీ, మేడమీదివారిదీ ఒకే చానలులో కుస్తీ పడుతున్నాయి.

పదిహేను మీటర్ల తీగ కొన్నాను. పెట్టెను ఇంటి నడుమ నడవాలో తలకంటె ఎత్తున గోడకు కొట్టించాను. చానలు మార్చాను. వెనుక గదిలో ఆరు కాస్తా అరవై దాటింది. ప్లాను మార్చలేదు. తీగకూ మేకులకూ అయిన ఖర్చు, పెద్ద ప్లానుకు వారు అదనంగా అడిగిన ఒక నెల సొమ్ముకన్న తక్కువ.

రెండవది బాపట్లలో మా అమ్మాయి ఇల్లు. అక్కడ ఉదయం గంగాప్రవాహం, సాయంత్రం ఎడారి. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఏదీ కదలదు. పెట్టె పక్కనే తీగతో కలిపి కొలిచినా అంతే. అంటే ఇంట్లో దోషం లేదు. కాలువకే నీరు రావడం లేదు. ఒక వీధి మొత్తానికి వచ్చే సామర్థ్యాన్ని ఎన్నో ఇళ్ళకు పంచుతారు. అందరూ ఒకేసారి వాడరన్న ధీమాతో పంచుతారు. పంచడం తప్పు కాదు, దానివల్లనే ధర అందుబాటులో ఉంటున్నది. ఎంతమందికి పంచామో చెప్పకపోవడం తప్పు. అందరూ ఇళ్ళకు చేరి టీవీల ముందు కూర్చునే వేళకు బండారం బయటపడుతుంది.

ఆఫీసుకు ఫోను చేస్తే “మీ వైఫై సమస్యండీ” అన్నారు. తీగతో కొలిచామంటే “మీ ల్యాప్‌టాపు పాతదండీ” అన్నారు. అదే ల్యాప్‌టాపు ఉదయం ఎందుకు పరుగెడుతున్నదో చెప్పమంటే లైను కట్టయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు ఉన్నది వ్యవహారం. నేను అమ్మాయి చేత ఒక నోటుబుక్కు పెట్టించాను. ఏడు రోజులు, రోజుకు నాలుగు పూటలు, తీగతో కొలిచిన అంకెలు, తేదీతో, గంటతో. ఇంకొక జాగ్రత్త చెప్పాను: వేగం కొలిచే సర్వరు ఆ కంపెనీ సొంత వలలోనే ఉంటే అంకె అందంగా వస్తుంది. ఇంటి పెరట్లో చెరువు చూపించి కాలువ నిండుగా ఉన్నదన్నట్లే. అందువల్ల దూరపు ఊరి సర్వరుతో కూడా కొలవాలి. ఆ పుస్తకం ఫొటోలు పెట్టి, ఫిర్యాదు సంఖ్య అడిగి తీసుకుని, నియమిత గడువులో జవాబు రాకపోతే అప్పీలు అధికారికి రాసింది. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం కంపెనీలో ఫిర్యాదు కేంద్రం, దాని పైన అప్పీలు అధికారి ఉండాలి. ఈ సంగతి బిల్లు తీసుకునేవారిలో ఎందరికి తెలుసు? అప్పీలు వెళ్ళిన తరువాత ఆ వీధి లైను సామర్థ్యం పెరిగింది. అప్పటిదాకా ‘లేని’ సమస్య పదిరోజుల్లో ‘తీరింది’.

మూడవది రేపల్లెలో మా చెల్లెలి ఇల్లు. ఇది చెప్పడానికి కష్టంగా ఉంటుంది. మనవడికి ఇంజనీరింగు ప్రవేశాల వెబ్ ఆప్షన్లకు అది చివరి రోజు. కళాశాలల వరుస మార్చుకుందామని రాత్రి కూర్చున్నాడు. పుట తిరుగుతూనే ఉన్నది, సమయం ముగిసిందంటున్నది, మళ్ళీ మొదటికి వస్తున్నది. మార్చిన వరుస ఎక్కలేదు. పాత వరుస ప్రకారమే సీటు వచ్చింది. వాడు దేనికి కిందికి నెట్టాలనుకున్నాడో ఆ కళాశాలలోనే ఇప్పుడు చదువుతున్నాడు. “నెట్టు స్లోగా ఉంది, ఏం చేస్తాం అన్నయ్యా, వాడి రాత” అన్నది చెల్లెలు. ఆ ఇంటివారు అంతకు ముందే రెండుసార్లు ప్లాను పెంచుకుని ఉన్నారు.

నేను వెళ్ళి చూశాను. తీగతో దిగుమతి వేగం బాగున్నది, వైఫైలోనూ బాగున్నది. ఎగుమతి వేగం మాత్రం దాదాపు సున్న. ఒక చిన్న సందేశం వెళ్ళి తిరిగి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలవలసినది, సగం సెకను పైగా పడుతున్నది. బావగారు దొంగల భయంతో ఇంటిచుట్టూ నాలుగు కెమెరాలు పెట్టించారు. అవి రాత్రింబవళ్ళు తమ చిత్రాలను దూరాన ఎక్కడో ఉన్న నిలువకు పంపుతూనే ఉన్నాయి. దానికి తోడు రెండు ఫోనుల్లోని పెళ్ళి ఫొటోలు, వీడియోలు తమంతట తాము ఎక్కుతున్నాయి. బయటికి వెళ్ళే దారి మొత్తం నిండిపోయింది.

పుట కిందికి రావడానికి, పైకి వెళ్ళే దారితో పని ఏమిటని మీరు అడగవచ్చు. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఏ పుట కావాలన్నా మన యంత్రం ముందుగా ఆ పేరుకు సంఖ్య ఏమిటని ఒక కేంద్రాన్ని అడగాలి. తరువాత ఆ సంఖ్య గల యంత్రాన్ని పలకరించాలి, రహస్యపు తాళాలు మార్చుకోవాలి, అప్పుడు పుటను అడగాలి, వచ్చిన ప్రతి ముక్కకూ ముట్టినదని రసీదు పంపుతుండాలి. ఇవన్నీ బయటికి వెళ్ళే చిన్న చిన్న ఉత్తరాలు. అవి కెమెరా బొమ్మల బస్తాల వెనుక వరుసలో నిలబడితే కిందికి వచ్చే దారి ఎంత వెడల్పుగా ఉండి ఏమి లాభం? కెమెరాలను మనిషి కదిలినప్పుడు మాత్రమే పంపేలా మార్చి, ఫొటోల ఎగుమతిని అర్ధరాత్రికి పెట్టించేసరికి ఆ ఇంట్లో నెట్టు ‘స్పీడయింది’. ఖర్చు ఒక్క రూపాయి లేదు. పోయిన సీటు మాత్రం తిరిగి రాలేదు. అది వాడి రాత కాదు. ఎగుమతి వేగం అనేది ఒకటున్నదని ఆ ఇంటికి తెలుగులో ఎవ్వరూ చెప్పకపోవడం.

ఇక రెండవ ముక్క. కంపెనీల ప్రకటనల్లో ‘100 ఎం.బి.పి.ఎస్. వరకు’ అని ఉంటుంది. మేము శకటరేఫతో ‘వఱకు’ అని నేర్చుకున్న ఈ మాట అవధిని చెబుతుంది. విజయవాడలో తెనాలి వరకు టిక్కెట్టు కొన్నవాణ్ణి కండక్టరు దుగ్గిరాలలో దింపి, “తెనాలి వరకు అన్నానే గాని తెనాలికి చేరుస్తానన్నానా?” అంటే ప్రయాణికులు ఊరుకుంటారా? తెలుగువాడికి ‘వరకు’ అంటే ఆ చోటికి చేరడం. ప్రకటన రాసేవాడికి ‘వరకు’ అంటే ఆ చోటు దాటకపోవడం. ఒకే మాట కొనేవాడి చెవిలో వాగ్దానం, అమ్మేవాడి నోట్లో మినహాయింపు. ఇంతకన్న చక్కని శ్లేష మన ప్రబంధకవులకు కూడా అందలేదు.

పై అవధి నూరు సరే, కింది అవధి ఎంత? ‘బ్రాడ్‌బ్యాండు’ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగం 2004 విధానంలో 256 కిలోబిట్లు. తరువాత దాన్ని 512 కిలోబిట్లు చేశారు. 2023 జనవరిలో 2 మెగాబిట్లు చేశారు. అంటే చట్టం పట్టుబట్టే రెండుకూ, ప్రకటన ఊరించే నూరుకూ నడుమ ఉన్న తొంభై ఎనిమిదీ ‘వరకు’ అనే మాట పొట్టలో ఉన్నాయి. పైగా ఆ లెక్క మెగాబిట్లలో. మన ఫైళ్ళ కొలత మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు గనుక నూరు మెగాబిట్లంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. ఇది మోసం కాదు, ప్రపంచమంతా పాటించే కొలత. కాని సోలకూ మానికకూ తేడా తెలియనివాడికి సోలతో కొలిచి అమ్మేటప్పుడు చెప్పి అమ్మడం ధర్మం.

కంపెనీల పక్షాన ఒక న్యాయమైన మాట ఉన్నది, దాచను. మీ బీరువా వెనుక మీరు పెట్టుకున్న రౌటరుకు మేమెలా పూచీ పడతామంటారు. నిజమే, వద్దు. పెట్టె దగ్గర తీగతో కొలిస్తే ఎంత వస్తుందో దానికి పూచీ పడండి. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య కనీసం ఎంతో బిల్లు మీద అచ్చు వేయండి. ఎగుమతి వేగం పక్కనే వేయండి. మిగిలిన బోదె మేము తవ్వుకుంటాము. ఆ రాత మాత్రం తెలుగులో ఉండాలి. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు బాపట్ల. ఆ ఊళ్ళో ఈనాడు అమ్ముతున్న రౌటరు పెట్టెలో ఏ ఎర్ర దీపం వెలిగితే తీగ తెగినట్లో చెప్పే కాగితం మీద ఒక్క తెలుగక్షరం లేదు. సహాయ కేంద్రంలో తెలుగు కోసం మీట నొక్కితే వచ్చేది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు క్రియ తగిలించిన చదువుడు.

తెలుగు పుటలు తయారుచేసేవారికి కూడా ఒక మాట. తెలుగు అక్షరాలు బరువు గనుక మన పుటలు మెల్లగా వస్తాయని ఒక విద్యావంతుడు నాతో వాదించాడు. నిజమే, వాడుకలో ఉన్న యూనికోడు సంకేత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటయితే, తెలుగులో అచ్చుకూ హల్లుకూ గుణింతపు గుర్తుకూ ఒక్కొక్కదానికి మూడు బైట్లు. అయితే లెక్క వేద్దాము. రెండు వేల మాటల వ్యాసం, మాటకు ఎనిమిది సంకేతాలు, ఒక్కొక్కటి మూడు బైట్లు: నలభై ఎనిమిది కిలోబైట్లు. చట్టం చెప్పిన కనీసపు 2 మెగాబిట్ల వేగంలో కూడా అది సెకనులో అయిదవ వంతు పని. అక్షరం ఆలస్యం చేయడం లేదు. దాని నెత్తిన ఎక్కించిన ప్రకటనలు, తమంతట తాము ఆడే వీడియోలు, మనం ఎక్కడ ఎంతసేపు చూశామో లెక్కగట్టే నిఘా సరంజామా, ఇవి ఆలస్యం చేస్తున్నాయి. పల్లకీ బరువుకు పెళ్ళికూతుర్ని నిందించవద్దు.

చివరిమాట నా తోటి తెలుగు పండితులకు, రచయితలకు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కథలు రాసిన చేత్తోనే విజ్ఞానశాస్త్ర వ్యాసాలు కూడా రాశారు. అది సాహిత్యానికి తక్కువ పని అనుకోలేదు. మనము మాత్రం రౌటరు గురించి రాయడం కుర్రవాళ్ళ పని అనుకుని, ఆ కుర్రవాళ్ళు తెలుగులో రాయడం లేదని విచారిస్తూ కూర్చున్నాము. భాష బతకాలంటే పద్యం నిలిస్తే చాలదు. రేపల్లెలో ఒక అమ్మమ్మకు ‘ఎగుమతి దారి నిండిపోయింది, కెమెరాలు ఆపి చూడు’ అని చివరి రోజు రాత్రి చెప్పగలగాలి.

కనుక ఈసారి మీ ఇంట్లో ఎవరైనా “నెట్టు స్లోగా ఉంది” అంటే, ఆ వాక్యాన్ని అక్కడితో వదలకండి. రౌటరు దగ్గర తీగతో ఎంత, గదిలో వైఫైతో ఎంత, ఎగుమతి ఎంత, ఏ వేళ ఎంత, ఈ నాలుగూ కాగితం మీద రాయండి. ఆ తరువాతనే ఫోను చేయండి, ఫిర్యాదు సంఖ్య లేనిదే పెట్టేయకండి. కాగితం చూపకుండా పెద్ద ప్లాను అంటగడితే మాత్రం ఒప్పుకోకండి.

ఇది నా అనుభవం, నా వాదం. సాంకేతికమైన పొరపాట్లుంటే తెలిసినవారు దిద్దగలరు. దిద్దేటప్పుడు తెలుగులో దిద్దాలని ప్రార్థన.